ముగ్గురం పంచుకున్న డిస్కు

ఏడో తరగతి దాకా బడికి వెళ్లాను గానీ, నా చదువు ఆగిపోయింది మాత్రం భాగహారం దగ్గరే. కూడిక వచ్చింది. తీసివేత వచ్చింది. ఎక్కాలు కూడా ఎవరైనా వెనకనుంచి తోస్తే పన్నెండు వరకు వెళ్లేవి. భాగహారంలో చివర శేషం మిగులుతుంది చూడండి, దాన్ని ఏం చెయ్యాలో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. అక్కడే వదిలేసి గోడ దూకాను. మా లెక్కల మాస్టారు, "నువ్వు జన్మలో దేన్నీ పంచలేవురా" అని దీవించి పంపారు. దేవుడికి ఆ మాట వినబడినట్టుంది. వెతికి వెతికి పంపకాల పనే నా నెత్తిన పెట్టాడు. అదీ పొలం పుట్రా కాదు, కంప్యూటర్లో డిస్కు.

అప్పటికి బొబ్బిలిలో నాకొక ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియో అనేది బోర్డు మీది మాట. లోపల ముగ్గురం కూర్చుంటే నాలుగోవాడు నిలబడే మాట్లాడాలి. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేది నేను. శుభలేఖలు డిజైన్ చేసేది నా భార్య. కెమెరా పట్టుకుని ఊళ్లు తిరిగేది ఆమె తమ్ముడు, అంటే నా బావమరిది. మనుషులం ముగ్గురం, కంప్యూటరు ఒకటి. దాని ముందున్న కుర్చీ కోసం మా ఇంట్లో జరిగినన్ని మాటలు ఏ పదవి కోసమూ జరిగి ఉండవు.

కంప్యూటరు కొన్న రోజున బిగించడానికి వచ్చినతను, "డిస్కుని ఎన్ని డ్రైవులు చెయ్యమంటారు?" అని అడిగాడు. అంటే ఉన్న ఒక్క డిస్కునే గదులు గదులుగా విడగొట్టి, ఒక్కో గదికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పేరు పెడతారట. అక్కడే మా అత్తారింటి రక్తం మేలుకుంది. వాళ్లది వ్యవసాయం. అంతకు ముందే వాళ్లింట్లో పొలం వాటాలు అయ్యాయి. వాళ్ల పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు వాటాలు వేస్తాడు, అందరికంటే చిన్నవాడు ముందు ఏరుకుంటాడు. చివరికి మిగిలింది పెద్దవాడికి. తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు గట్టు వంకరగా వెయ్యడు.

"బావా, నువ్వు పెద్దోడివి. మూడు వాటాలు సమానంగా ఎయ్. నాను ఏరుకుంతాను," అన్నాడు బావమరిది.

వేశాను. జీవితంలో నేను శేషం లేకుండా చేసిన మొదటి భాగహారం అదే. వాడు చివరిదైన ఈ-డ్రైవు తీసుకున్నాడు, ఆ చివరైతే ఎవరూ తొక్కరట. నా భార్య నడిమి డి-డ్రైవు తీసుకుంది. నాకు మిగిలింది వీధిలోకి ఉన్న సి. అందులో అప్పటికే విండోస్ కాపురం ఉంటోంది. ఖాళీ చెయ్యమంటే చెయ్యని అద్దెవాడిలాగా అది నెల నెలకీ సామాను పెంచుకుంటూ పోయింది.

సామాను పెంచుకున్నది అదొక్కటే అంటే కళ్లు పోతాయి. నా పావురాలు కూడా అక్కడే ఉండేవి. మిక్సింగ్‌లో నాకొక పేరుండేది. పెళ్లికొడుకు నవ్వితే తెర మీద గులాబీలు రాలేవి. పెళ్లికూతురు తలెత్తితే రెండు పావురాలు ఎగిరి వచ్చి హృదయం గుర్తు పట్టుకుని నిలబడేవి. ఇద్దరినీ తామరపువ్వులో కూర్చోబెట్టి ఆ పువ్వుని ఆకాశంలో తిప్పేవాణ్ణి. ఆ పక్కనే మెరుపులతో స్టూడియో పేరు. ఇవన్నీ సి-డ్రైవులోనే, డెస్క్‌టాప్ మీదే పోసి పెట్టుకున్నాను.

"ఆ పిట్టల్ని కొన్ని తీసేయరాదేటి? సూడు, గీత ఎర్రబడిపోనాది," అనేది నా భార్య. డ్రైవు నిండిపోతే కంప్యూటర్లో దాని గీత ఎర్రగా మారుతుంది.

"పావురాల్లేని పెళ్లికి నేను పేరెయ్యను," అనేవాణ్ణి.

"మన పెళ్లికి లేవు కదా."

"అందుకే ఇలా ఉన్నాది."

ఆ మధ్యాహ్నం నాకు అన్నంలోకి చారు మాత్రమే దొరికింది.

ఇలా ఉండగా మా అప్ప కొడుకు పెళ్లి వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఈవిడ సొంత అప్ప కాదు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు ఆవిడది. సంత రోజున ఎండుచేపల గంపతో బొబ్బిలి వచ్చేది. నా భార్య ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా మెత్తళ్లు కొనేది కాదు. అలా నేను ఆవిడకి తమ్ముణ్ణయ్యాను, ఆవిడ కొడుక్కి మావనయ్యాను. పెళ్లి వీడియో ఇంకొకరికి ఇచ్చే సమస్యే లేదు.

పెళ్లి బాగా జరిగింది. తలంబ్రాల వేళ పెళ్లికొడుకు దోసిలి నిండా బియ్యం తీసి కుమ్మరిస్తే, ఓ గింజ వెళ్లి పెళ్లికూతురి ముక్కులో పడింది. ఆ పిల్ల తుమ్మింది. మామూలు తుమ్ము కాదు, బాసికం జారి కన్ను మీదికి వచ్చింది, పూజారి పళ్లెం ఎత్తి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఆ పిల్లకి నవ్వు ఆగలేదు. అప్పటిదాకా తల ఎత్తని పిల్ల, అందరి ముందూ నోరు తెరిచి నవ్వేసింది. బావమరిది అంతా తీసి, తన ఈ-డ్రైవులో పోసుకున్నాడు. పెళ్లికొడుకు మర్నాడే వాడి చెవిలో చెప్పాడట, "ఆ తుమ్ము మాత్రం కొయ్యనీకు. విడిగా కూడా ఇయ్యి."

వాళ్ల మగవాళ్లు చాలామంది గుజరాతు బోట్ల మీద పనికి వెళతారు. వర్షాకాలం చివర్లో రైలెక్కితే మళ్లీ వేసవికే రావడం. ఈ కుర్రాడూ అంతే.

"తమ్ముడా, మా గుంటడు ఒచ్చే వారం శనివారం రైలెక్కతాడు," అంది అప్ప, ఓ సంత రోజు గంప మా గుమ్మంలో దించి. "ఆడు అక్కడ, ఆ పిల్ల ఇక్కడ. మజ్జిన నీ వీడియో ఒక్కటే. ఫోన్లో ఎక్కించుకుని ఎల్తానంతన్నాడు. ఒచ్చే సంతకి నానొచ్చి పట్టుకెల్తాను. సేసేస్తావు కదా?"

"ఏటప్పా ఆ మాట! నేనుండగా!"

నేనున్నాను. జాగాయే లేదు.

మిక్సింగంతా అయ్యాక ముక్కలన్నీ అతికి ఒకే సినిమాగా పోత పొయ్యాలి. దాన్నే రెండరింగ్ అంటారు. పోత పోసేటప్పుడు కంప్యూటరుకి సి-డ్రైవులో కాస్త ఖాళీ కావాలి, వంటకి గట్టు కావలసినట్టు. నాకేమో గట్టు మీద పావురాలు. పెళ్లి ఊరేగింపు దాకా వచ్చేది, 'డిస్కు నిండింది' అని ఆగిపోయేది. మళ్లీ పెడితే మళ్లీ ఊరేగింపు దగ్గరే ఆగేది. నాలుగు సార్లు ఊరేగిన పెళ్లికొడుకు భూమ్మీద అతనొక్కడే. పైగా డిస్కు పాతబడి లోపలినుంచి కీచుమని అరవడం మొదలుపెట్టింది.

విజయనగరం వెళ్లి, పాతదానికి మూడింతలున్న కొత్త డిస్కు కొన్నాను. బస్సులో వొళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకుంటూ తెచ్చాను. పక్కన కూర్చున్నాయన, "కోడిగుడ్లా?" అని అడిగాడు. "కాదండి, ఖాళీ జాగా," అన్నాను. ఆయన లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు. నా భార్య దానికి బొట్టు పెట్టింది. ఎక్కడ పెట్టాలో తెలియక, కంపెనీ చీటీ మీద పెట్టింది.

పాత డిస్కుని ఉన్నదున్నట్టుగా కొత్తదాంట్లోకి నకలు తీసే ప్రోగ్రాం ఒకటుంది. యూట్యూబులో ఒక కుర్రాడు హిందీలో చెబుతుంటే చూసి, నాకు రాని భాషలో, నాకు రాని పని మొదలుపెట్టాను. సాయంత్రానికి పూర్తయింది. నకలు అయిందన్న మాట తెర మీదికి వచ్చిన కాసేపటికి పాత డిస్కు కటకటమని ఊరుకుంది. మళ్లీ అరవలేదు. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"పోనాదా?" అన్నాడు బావమరిది.

"పోనాది."

కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేసి ఇంకో రెండు పెళ్లిళ్లు తీసేశాం. అంటే ఆ పిల్ల తుమ్ము ఇప్పుడు లోకంలో ఒక్కచోటే ఉంది, మా కొత్త డిస్కులో.

గర్వంగా తెరిచాను. సి ఎర్రగానే ఉంది! డి అంతే, ఈ అంతే. పాత మూడు వాటాలు, పాత కొలతలతోనే కొత్త డిస్కులోకి వచ్చి కూర్చున్నాయి. మరి నేను బస్సులో మోసుకొచ్చిన ఖాళీ జాగా ఏది? విజయనగరం షాపుకి ఫోను చేసి, "పెద్ద డిస్కని చెప్పి చిన్నది అంటగట్టారు," అని అరిచాను. ఆయన పాపం ఓపికగా, ఫలానా చోట నొక్కి డిస్కు మేనేజ్‌మెంట్ అన్నది తెరవండి అన్నాడు. తెరిస్తే డిస్కంతా ఒక పొడుగాటి బద్దీలా కనబడింది. వరుసగా సి, డి, ఈ. ఆ తర్వాత నల్లగా, ఎవరి పేరూ లేకుండా, కనుచూపు మేర ఖాళీ.

"బంజరు!" అన్నాడు బావమరిది, నా భుజం మీంచి తొంగి చూసి.

సరిగ్గా అదే. ఎవరికీ పట్టా లేని బంజరు. దాన్ని సికి కలిపేస్తే నా బాధ తీరిపోతుంది. సి మీద నొక్కాను. 'పెంచు' అన్న మాట కనబడుతోంది గానీ బూడిదరంగులో చచ్చి పడి ఉంది. డి మీద నొక్కాను, అక్కడా అంతే. ఈ మీద నొక్కాను. నల్లగా నిగనిగలాడుతూ లేచి కూర్చుంది. పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీ అయితేనే కలుస్తుందట. మధ్యలో ఎవరైనా ఉంటే కలవదు.

బావమరిది ముఖం చూడాలి అప్పుడు.

"సూసినావా బావా! నా గట్టుకి ఆనుకున్న బంజరు నాదే. కంప్యూటరే ఒప్పుకున్నాది."

"ఒరే, ఆ డిస్కు మోసుకొచ్చింది నేనురా!"

"మోసినోడిదా పొలం? మా నాన్న ఏటి సేసినాడు? గట్టు పక్క బంజరు దున్నుకున్నాడు. ఎవుడన్నా అడిగినాడా?"

"అడిగినారు. నాలుగేళ్లు కోర్టుకి తిరిగినాడు," అంది నా భార్య, శుభలేఖ మీద వినాయకుణ్ణి సరిచేస్తూ.

"నువ్వు ఎవులి పచ్చం?"

"నా డి జోలికి రానోడి పచ్చం."

అలా మా దుకాణంలో, ఎవరూ కాలు పెట్టలేని ఖాళీ జాగా మీద, కాలు పెట్టే చోటు లేని గదిలో కూర్చుని దెబ్బలాడుకున్నాం. శుభలేఖకి వచ్చిన ఒకాయన, ఏదో ఆస్తి గొడవనుకుని, మంచినీళ్లు తాగి మెల్లగా జారుకున్నాడు. అప్పుడు నా భార్య కుర్చీ ఇటు తిప్పింది.

"ఇదిగో, ఇద్దరూ ఇనండి. శనివారం రైలు మీ గట్ల కోసం ఆగదు. ఒరే, నువ్వు సామాను ఎత్తుకుని ఆ బంజర్లోకి పో. నాను నీ పాతింట్లోకి వస్తాను. నాను కాళీ సేసిన డిని ఈయన సిలో కలిపేసుకుంతాడు. అయిపోనాది. దీనికి పెద్దమనుసులు గావాలేటి?"

"మరి బంజరంతా నాదేనా అప్పా?" అన్నాడు వాడు వాళ్లక్కతో.

"నీదే. ఎవులికి బాధ?"

నాకు బాధే. కానీ అప్పగారి కొడుకు రైలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇళ్లు మారడం మొదలైంది. ఆ నల్ల బంజరుని ఒక డ్రైవుగా చేశాను. దానికి కంప్యూటరే ఎఫ్ అని పేరు పెట్టుకుంది. ఈలో ఉన్న బావమరిది సామానంతా ఎఫ్‌లోకి పోసి, లెక్క సరిపోయిందని వాడు రెండుసార్లు చూసుకున్నాకే ఈని తుడిచాను. నా భార్య సామాను ఈలోకి వచ్చింది. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి దాని వైపే చూశాం. కరెంటు తిరిగి వచ్చేసరికి బావమరిది నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఇద్దరమూ ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

చివరికి డి గట్టు తీసేశాను. సి మీద నొక్కితే, 'పెంచు' అన్న మాట ఈసారి నిగనిగలాడింది. నొక్కాను. ఎర్ర గీత నీలమై, హాయిగా కాళ్లు చాపుకుంది.

"ఏడో తరగతి!" అని నా రొమ్ము మీద నేనే చరుచుకున్నాను.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో గంప దిగింది. సంత రోజు కదా. అప్ప వచ్చేసింది.

"అయిపోనాదా తమ్ముడా?"

"కూర్చో అప్పా, నీ కళ్ల ముందే పోత పోస్తాను," అని పెద్ద ఆర్భాటంగా పెళ్లి ఫైలు తెరిచాను.

తెర ఎర్రగా వచ్చింది. పెళ్లిపందిరి ఉండాల్సిన చోట ఎర్ర చదరం, తాళి కట్టే చోట ఎర్ర చదరం. ప్రతిదాని మీదా ఒకే మాట, 'ఫైలు దొరకలేదు.' ఆ మూడు గంటల పెళ్లిలో మిగిలినవి నా పావురాలు మాత్రమే. ఎర్రటి ఆకాశంలో అవి ఎగిరి వచ్చి, ఎవరూ లేని చోట హృదయం గుర్తు పట్టుకుని నిలబడ్డాయి.

ఫైలు మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ పావురాలే.

"ఏటి తమ్ముడా, పిట్టలున్నాయి, మనుసులేరీ?" అంది అప్ప. తర్వాత నా ముఖం చూసి, గంప మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది. "నా కొడుకు పెళ్లి ఏటి సేసినావురా?"

"బావా, ఈని తుడిసేసినావు! నా వాటా తుడిసేసినావు!" అన్నాడు బావమరిది.

"నువ్వు చూసుకున్నాకే కదరా తుడిచాను!"

"ఉండండి," అంది నా భార్య. నన్ను కుర్చీలోంచి లేపి తను కూర్చుని, ఎఫ్ తెరిచింది. పెళ్లి అక్కడే ఉంది. ముక్కలన్నీ, తుమ్ముతో సహా, వరుసగా ఉన్నాయి. "ఉన్నాయి కదా, మరి దొరకనేదంతాదేటి?"

నేను ఆ ఎర్ర చదరాల కింద రాసి ఉన్నది దగ్గరికి వెళ్లి చదివాను. నాకు వచ్చిన ఇంగ్లీషు ఇరవయ్యారు అక్షరాలే, కానీ ఇక్కడ అవసరమైంది ఒక్కటే. ప్రతి చిరునామా మొదట్లో 'ఈ' అని ఉంది. మిక్సింగ్ ప్రోగ్రాము పాపం పెళ్లిని వెతుక్కుంటూ పాత ఇంటికే వెళ్లి తలుపు కొడుతోంది. ఆ ఇంట్లో ఇప్పుడు నా భార్య శుభలేఖలు కాపురం ఉంటున్నాయి. మేం ముగ్గురం ఇళ్లు మారాం గానీ తలుపుల మీద పేర్లు మార్చలేదు.

పేర్లు మార్చే చోటు కూడా అదే డిస్కు మేనేజ్‌మెంట్లో ఉంది. ముందు నా భార్య ఇంటికి ఈ పీకేసి, ఖాళీగా ఉన్న డి తగిలించాను. తర్వాత బావమరిది ఇంటికి ఎఫ్ పీకేసి ఈ తగిలించాను. మళ్లీ పెళ్లి ఫైలు తెరిచాను.

ఒక్కొక్క ఎర్ర చదరమే మనుషులయింది. పందిరి వచ్చింది. సన్నాయి వచ్చింది. పళ్లెం ఎత్తుకున్న పూజారి వచ్చాడు. అప్ప లేచి నిలబడింది. తెర మీద కోడలు తుమ్మింది, బాసికం జారింది, నవ్వింది. అప్ప ఆ నవ్వు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. "ఓలమ్మ, ఓలమ్మ, ఏటి తుమ్మే అది! మల్లీ ఎయ్ తమ్ముడా." మళ్లీ వేశాను. ఇంకోసారి వేశాను. సంతలో ఆవిడ చేపలు ఆ రోజు ఎవరు కొన్నారో తెలియదు గానీ, మధ్యాహ్నం దాటేదాకా ఆవిడ మా దుకాణంలోనే ఉంది. సినిమా ఊరేగింపు దాటి, అప్పగింతలు దాటి, నా స్టూడియో పేరు మెరుపులతో తిరిగే దాకా ఎక్కడా ఆగకుండా పోత పోసుకుంది.

మెమొరీ కార్డులో ఎక్కించేటప్పుడు బావమరిది తుమ్ము ముక్కని కూడా విడిగా పక్కన పెట్టాడు. "అంత సినిమా ఇస్తుంటే ఆ చిల్లర ముక్కెందుకురా? గులాబీ కూడా లేదు దానిమీద," అన్నాను. వాడు వినలేదు. అప్ప కార్డుని చీరకొంగు ముడిలో కట్టుకుని, మాకు మెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చి వెళ్లిపోయింది. శనివారం కుర్రాడు రైలెక్కాడు.

కొన్నాళ్ల తర్వాత వాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెనక బోటు ఇంజను చప్పుడు.

"ఏటల్లుడా, వీడియో చూశావా? ఎలా ఉంది?"

"బాగున్నాది మావా. బోటు మీద అందరికీ సూపించినాను. తరవాత ఫోను నిండిపోనాది. పాటలు ఎక్కటం నేదని పెద్ద సినిమా తీసేసినాను. తుమ్ము ఒక్కటీ ఉంచుకున్నాను."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "ఒరే! ఆ మూడు గంటల సినిమా కోసం ఇక్కడ ముగ్గురం ఇళ్లు మారాంరా! గట్లు తీశాం! మీ అత్త చేత మాటలు పడ్డాను! అదంతా తీసేసి తుమ్ము ఉంచుకున్నావా?"

వాడు ఇంజను చప్పుడు మీదుగా నవ్వాడు.

"మిగిలిందంతా నీ పావురాలే కదా మావా. నా పెళ్లాం ఉన్నది ఆ తుమ్ములోనే."